ఎడ్విన్ బాగుచేసిన లైటు

ఎడ్విన్ చేతికి ఇచ్చిన వస్తువు ఇచ్చినట్టు తిరిగి రాదు. ఆత్మకూరులో ఈ సంగతి చిన్నాపెద్దా అందరికీ తెలుసు. తెలిసీ ఇస్తారు. రేడియో పలకడం లేదని ఇస్తే పలికిస్తాడు. అక్కడితో ఆగితే ఆయన ఎడ్విన్ ఎందుకవుతాడు? ఇంకో స్పీకరు తెచ్చి, దాన్ని మట్టికుండ మూతికి బిగించి, తీగ లాగి, "ఇప్పుడు విను, మద్దెల మీద వేలు పడితే నీ కడుపులో తెలుస్తాది" అని కుండతో సహా చేతిలో పెడతాడు. రేడియో చంకన పెట్టుకుని వచ్చినవాడు కుండ నెత్తిన పెట్టుకుని పోవాలి. టేబుల్ ఫ్యాను ఇస్తే దానికో బుల్లి ఎర్ర లైటు తగిలిస్తాడు. ఎందుకయ్యా అంటే, కరెంటు వచ్చిందో లేదో తెలియవద్దా అంటాడు. ఫ్యాను తిరిగితే తెలియదా అని అడగబుద్ధి కాదు ఎవరికీ. అప్పటికి ఆయన మొహం అంత సంబరంగా ఉంటుంది మరి.

పుట్టింది జలదంకి దగ్గర. తండ్రి మిషను బడిలో అయ్యవారు. కొడుకునూ అయ్యవారిని చేద్దామని ఆయన ఆశ. ఒక శనివారం ఆ కొడుకు కాస్తా చర్చి హార్మోనియం విప్పదీసి కూర్చున్నాడు. ఆదివారం ఆరాధనకు జనం వచ్చేసరికి హార్మోనియం చాప మీద ముక్కలుగా ఉంది. సాయంత్రానికి మళ్లీ బిగించాడు. ఎన్నాళ్లుగానో మూగబోయిన రెండు మెట్లు కూడా పలికాయి. తండ్రి కొట్టాలో మెచ్చుకోవాలో తెలియక రెండూ చేశాడు. ఆ తరవాత కొడుకును ఆత్మకూరులో ఒక రేడియో మేస్త్రి దగ్గర చేర్పించాడు.

ఇప్పుడు ఆ షాపే ఎడ్విన్‌ది. బస్టాండుకు దగ్గర్లో, టైలరు కొట్టుకూ ఎరువుల కొట్టుకూ నడుమ ఇరుక్కున్న గది. మనిషి పొడగరి, గది పొట్టిది. ఇన్నేళ్లయినా గుమ్మం పైకమ్మికి తల కొట్టుకోవడం మానలేదు. లోకంలో ఉన్న ప్రతిదాన్నీ బాగుచేసే మనిషి ఆ గుమ్మాన్ని మాత్రం ఎందుకు వదిలేశాడని భార్య కరుణశ్రీ అడుగుతూ ఉంటుంది. ఆమె ఎలిమెంటరీ బడిలో టీచరు. ఇంట్లో మిక్సీకో ఇస్త్రీపెట్టెకో సుస్తీ చేస్తే, మొగుడి కంటబడకుండా బయట బాగుచేయించుకోవడానికి ఆమె పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. "మీరు ముట్టుకోబాకండి, అది బాగానే ఉండాది" అనేది ఆ ఇంట్లో రోజూ వినపడే మాట.

ఇలాంటి ఎడ్విన్‌కు పెంచలనరసయ్య అంటే ప్రాణం. నరసయ్యది ఉదయగిరి దుర్గం కింద నక్కలగుంట అనే పల్లె. గొర్రెలు మేపుతాడు. మూగబోయిన రేడియో పట్టుకుని ఒకసారి షాపుకు వచ్చి, కుండ స్పీకరుతో తిరిగి వెళ్లి, మరుసటి సారి ఆ కుండను పొగడటానికి పనిగట్టుకుని వచ్చాడు. ఎడ్విన్ బతుకులో కుండను పొగడటానికి బస్సెక్కి వచ్చినవాడు ఆయనొక్కడే. ఇక స్నేహం కలవక ఏమవుతుంది? ఆత్మకూరులో ఏ పనున్నా నరసయ్య ముందు షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఈయన వాగుతూ ఉంటే ఆయన తలూపేవాడు. ఏదైనా గొర్రె ఈనిందంటే కరుణశ్రీకి జున్నుపాలు వచ్చేవి.

నరసయ్యకు ఒక అలవాటుంది. దీపాలు పెట్టేవేళకు మంద ఇల్లు చేరాక, దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కొక్క గొర్రెనూ కాళ్ల నడుమ ఇరికించుకుని, కింది కనురెప్ప బొటనవేలితో మలిచి చూస్తాడు. లోపల ఎర్రగా ఉంటే జీవం నిక్షేపంగా ఉన్నట్టు. తెల్లగా పాలిపోయిందంటే కడుపులో జలగ రోగం దూరి రక్తం తాగుతున్నట్టు. ఆ వైపు గొర్రెలు మేపేవాళ్లంతా చూసేదే ఇది, కాకపోతే వాళ్లు నెలకో రెండు నెలలకో చూస్తారు. నరసయ్య వానాకాలమంతా దినం మార్చి దినం చూస్తాడు. ఎందుకంటే పెళ్లయిన కొత్తలో, చెరువులన్నీ అలుగు పారిన ఏడు, ఆయన మందకు మంద జలగ రోగంతో పోయింది. చూసేసరికే ఆలస్యమైపోయింది. పొద్దున లేచేసరికి దొడ్లో ఇన్ని పడి ఉండేవి. ఆ ఏడు ఆయన భార్య సుబ్బరత్నమ్మ కూలికి పోయింది. మళ్లీ మంద చేసుకోవడానికి ఇద్దరికీ ఎన్నేళ్లు పట్టిందో ఆ దుర్గానికే తెలుసు.

చూసేటప్పుడు రెండు చేతులూ గొర్రెకే సరిపోతాయి. కాబట్టి లైటు పళ్ల మధ్య కరిచి పట్టుకోవాలి. ఇంట్లో ఉన్న పెద్ద బ్యాటరీ లైటు నోట్లో పట్టదు. అందుకని జేబులో పట్టే చిన్న టార్చి ఒకటి కొనుక్కున్నాడు. దాంతో వచ్చిన తంటా ఏమిటంటే, గొర్రె తన్నినప్పుడల్లా అది రాయి మీద పడేది, పడినప్పుడల్లా బల్బు పోయేది. బల్బు పోని రోజున సెల్లులు దిగిపోయేవి. "సగం మందను చూసేసరికి చీకటైపోతా ఉండాదన్నా, దీన్ని ఏమన్నా చెయ్యి" అని తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని ఒళ్లంతా పంటి గాట్లే.

ఏమన్నా చెయ్యి అని ఎడ్విన్‌తో అనకూడదు. అనేశాడు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఎర్ర ఎల్ఈడీలూ పచ్చ ఎల్ఈడీలూ ఎడ్విన్ షాపులో డబ్బాడు ఉండేవి. తెల్లగా వెలిగేది మాత్రం అప్పుడప్పుడే వస్తోంది. సామాన్ల కోసం మద్రాసు వెళ్లినప్పుడు రిచీ స్ట్రీట్‌లో ఒకాయన దాన్ని వెలిగించి చూపించాడు. బియ్యపుగింజకు అన్నగారంత ఉంది, వెన్నెల్లా తెల్లటి వెలుగు. లోపల తీగ లేదు కాబట్టి తెగేది లేదు, నేలకేసి కొట్టినా ఆరదు, ఒకసారి వేసిన సెల్లులు నెలలు వస్తాయి. ఎడ్విన్ రెండు కొన్నాడు. ఎంతకు కొన్నదీ కరుణశ్రీకి ఇప్పటికీ తెలియదు.

అందులో ఒకటి నరసయ్య టార్చికి రాసిపెట్టి ఉంది. రెండు పెన్సిల్ సెల్లులు దానికి చాలవు, మూడు కావాలి. ఎడ్విన్ డబ్బారేకు కత్తిరించి, గుండ్రంగా చుట్టి, సీసంతో అతికి, టార్చి ఒంటిని ఒక సెల్లుకు సరిపడా పొడిగించాడు. పాత బల్బు పీకి ఆ గుంటలో కొత్తదాన్ని కూర్చోబెట్టి, కరెంటు మోతాదు మించకుండా ఒక రెసిస్టెన్సు వేశాడు. పళ్లకు నొప్పి పుట్టకుండా వెనకవైపు సైకిల్ ట్యూబు ముక్క తొడిగాడు. చూడటానికి ములక్కాడకు చొక్కా తొడిగినట్టుంది గానీ, నొక్కగానే షాపులో మూలమూలలూ తెల్లగా తెలిసొచ్చాయి. నరసయ్య దాన్ని వెలిగించాడు, ఆర్పాడు, మళ్లీ వెలిగించాడు. "రాతి మీద వెయ్యి" అన్నాడు ఎడ్విన్. నరసయ్యకు మనసొప్పలేదు. ఎడ్విన్ తనే లాక్కుని మెట్టు మీద వేశాడు. అది దొర్లుకుంటూ వెళ్లి కాలవ పక్కన వెలుగుతూ పడుకుంది. టైలరు మిషను ఆపి మరీ చూశాడు.

మిగిలిన ఎల్ఈడీని తన బల్ల మీద వంపు తీగకు కట్టుకున్నాడు. ఇక ఆ గుడ్డి బల్బు వెలుతురులో కళ్లు చికిలించే బాధ తప్పిందని మురిసిపోయాడు.

కార్తీకమాసం. ముసురు పట్టింది. లైటు పట్టుకుపోయిన పదిరోజులకు నరసయ్య షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జున్నుపాలు లేవు. మొహాన నెత్తురు చుక్క లేదు.

"మంద పోయినట్టేనన్నా," అన్నాడు.

ఎడ్విన్ చేతిలో పని వదిలేశాడు.

"మొన్న వారం చూసినాను. అన్నిటికీ కండ్లు తెల్లంగా ఉండాయి. జలగ మందు పట్టించినాను. నిన్నటిదాకా చూస్తానే ఉండాను. అట్నే ఉండాయి. పశువుల డాక్టరు పెంటికలు తెమ్మన్నాడు, పరీక్ష చేస్తాడంట. ఏం పరీక్ష? నాకు తెలవదా? ఒకసారి చూసినోణ్ణి గదా."

"మేత మేస్తా ఉండాయా?"

"మేస్తా ఉండాయి. అప్పుడు గూడా మొదట్లో మేసినాయి. బేస్తవారం గొర్రెల బేరగాడు మాల్యాద్రి లారీ తెస్తానన్నాడు. వచ్చినకాడికి ఇచ్చేస్తాను. దొడ్లో పడి చస్తా ఉంటే ఇంకోసారి చూళ్లేను."

ఎడ్విన్ టీ తెప్పించాడు. నరసయ్య తాగలేదు. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగి, "నీ లైటు లేకపోతే నాకు తెలిసేదే కాదన్నా. పాత లైటుకు అన్నీ ఎర్రంగానే కనపడినాయి. నువ్వు పుణ్యం కట్టుకున్నావు. చల్లంగా ఉండు," అన్నాడు.

ఆ మాటకు ఎడ్విన్ ఏడవాలా, పొంగిపోవాలా? నిజం చెప్పాలంటే రెండూ కొంచెం కొంచెం చేశాడు. మందైతే పోయింది గానీ, ఒక్కటి కూడా చావకముందే తన లైటు చెప్పిందే అనుకున్నాడు. రాత్రి అన్నం దగ్గర కరుణశ్రీతో కూడా అదే అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, నరసయ్య కుటుంబం కోసం ప్రార్థన చేసింది.

బేస్తవారం పొద్దున్నే చర్చి కమిటీ మనిషి యాంప్లిఫయరు మోసుకొచ్చి, బల్ల మీద దించి వెళ్లాడు. వారంలో అది తిరిగి రావడం రెండోసారి. ఎడ్విన్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల పనిలో ఒకసారి చేసినది మళ్లీ చెడి వచ్చిన పాపాన పోలేదు. మూత విప్పాడు. తను వేసిన రెసిస్టెన్సు మాడి ఉంది. రెసిస్టెన్సు అంటే జొన్నగింజంత ముక్క. ఒంటి మీద రంగు చారలుంటాయి, ఆ చారల్ని బట్టే అదెంతదో పోల్చుకోవాలి. డబ్బాలోంచి ఇంకోటి తీసి లైటు కింద చూశాడు. మొదటి చార గోధుమరంగు. ఇదే వేశాను, ఇదే వేయాలి, మరెందుకు మాడుతోంది? పొగలు కక్కుకుంటూ దాన్ని పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పైకమ్మి తగిలింది. తల రుద్దుకుంటూ పగటి వెలుగులో ఇంకోసారి చూశాడు.

చార ఎర్రగా ఉంది.

లోపలికి వెళ్లి తెల్ల లైటు కింద పెట్టాడు. గోధుమరంగు. బయటికి తెచ్చాడు. ఎరుపు. ఆ లైటుకు ఎరుపు చూపించడం చేతకాదు. వెన్నెల్లా ఉందని మురిసిపోయాడే, వెన్నెల్లో ఎర్రచీర ఎర్రగా కనపడుతుందా?

ఆ తరవాత ఆయన చేసిన పని టైలరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. గోడకున్న చిన్న అద్దం పీకి, బల్ల దగ్గర వంగి, తన కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూసుకున్నాడు. తెల్లగా పాలిపోయి, శవం కన్నులా ఉంది. అలాగే రెప్ప లాగి పట్టుకుని, అద్దంతో వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. కన్ను ఎర్రగా, నిక్షేపంగా ఉంది.

"షాపు చూస్తా ఉండు" అని టైలరుతో అన్నాడో లేదో, చెప్పులు వేసుకున్నాడో లేదో, ఉదయగిరి బస్సు కదులుతుంటే పట్టుకున్నాడు. నక్కలగుంటలో ఫోను లేదు. సీటున్నా కూర్చోలేదు. తను కూర్చుంటే బస్సు నెమ్మదిస్తుందేమో అన్నట్టు దారి పొడుగునా డ్రైవరు వెనక నిలబడే ఉన్నాడు. నా నరసయ్యను నేనే ముంచాను ప్రభువా, ఆ లారీ టైరు పంచరు చెయ్యి అని ప్రార్థించాడు. మంచి ప్రార్థన కాదని తెలుసు. అయినా చేశాడు.

రోడ్డు మీద దిగి, వాగులో ప్యాంటు మోకాళ్లకు మడుచుకుని దాటి, పల్లె చేరేసరికి లారీ అక్కడే ఉంది. టైర్లన్నీ భేషుగ్గా ఉన్నాయి. దొడ్డి వాకిట్లో మాల్యాద్రి నీలం రంగు డబ్బాలో గుడ్డ ముంచి గొర్రెల వీపుల మీద అద్దుతున్నాడు. ఆ వైపు బేరంలో కాగితం ఉండదు. రంగు పడిందంటే అమ్ముడుపోయినట్టే, ఇక ఎవరూ మాట మార్చరు. అప్పటికే కొన్నిటి వీపులు నీలమయ్యాయి. నరసయ్య దూరంగా రాతి మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"రంగు ఆపయ్యా," అన్నాడు ఎడ్విన్ రొప్పుతూ.

మాల్యాద్రి ఎగాదిగా చూశాడు. "నువ్వెవరబ్బయ్యా?"

"లైటు చేసినోణ్ణి."

మాల్యాద్రికి అర్థం కాలేదు గానీ, ఆ అవతారం చూసి గుడ్డ డబ్బాలో వదిలేశాడు. ఎడ్విన్ నరసయ్య దగ్గరికి వెళ్లి ఎర్ర చార సంగతి, తన కంటి సంగతి గడగడా చెప్పాడు. నరసయ్య విన్నాడు. లేవలేదు.

"ఒక్కదాన్ని చూడు నరసయ్యా. ఈ పగటి వెలుగులో ఒక్కదాన్ని చూడు."

"వద్దన్నా."

ఇక లాభం లేదని ఎడ్విన్ దొడ్లోకి దిగి ఒక గొర్రెను వాటేసుకున్నాడు. అది ఆయన్ని బురదలో నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. రెప్ప మలచడం ఆయనకేం తెలుసు? దాని చెవి పట్టుకుని బిక్కమొహం వేశాడు. సుబ్బరత్నమ్మ అప్పటిదాకా లారీ వైపు చూడకుండా గంజి గిన్నెలు తోముతోంది. గిన్నె కింద పెట్టి లేచింది.

"మేత మేస్తా ఉండాయి, ఎగురతా ఉండాయి, పొద్దున ఒకసారి చూడయ్యా అని ఎన్నిసార్లు చెప్పినాను," అంది మొగుడితో. "ఎర్రంగా ఉంటే ఉంటాయి, లేకపోతే పోతాయి. చూడకుండా అమ్మబాక. లే."

నరసయ్య లేచి వచ్చాడు. గొర్రెను కాళ్ల నడుమ ఇరికించుకుని, దాని గడ్డం ఎత్తి, బొటనవేలు రెప్ప మీద పెట్టి, కాసేపు అలాగే ఉండిపోయాడు. తరవాత మలిచాడు.

మబ్బు పట్టి ఎండ లేని పగలు. అయినా ఆ ఎరుపు దూరాన ఉన్న మాల్యాద్రికి కూడా కనపడింది.

నరసయ్య గొర్రెను వదల్లేదు. "పగలు చూడాలని నాకు తెలవకనా అన్నా," అన్నాడు దాని మెడ మీదికి వంగి. "దీపాలేళ చూస్తే ఇంకా ఏదో ఒక మూల, కాదేమోలే అని ఉంటాది. పగలు చూస్తే ఇంక నిజమే గదా. దానికి భయపడినాను. దానికే భయపడినాను." అని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. సుబ్బరత్నమ్మ వచ్చి పక్కన నిలబడింది.

మాల్యాద్రి గొంతు సవరించుకున్నాడు. "నడుములు తడిమినప్పుడే అనుకున్నా, కండ గట్టిగా ఉండాదే అని. అమ్మేవాడే రోగం అంటే కొనేవాడు కాదంటాడా? రంగు పడినవి నావి. పడనివి నీవి. అంతకు మించి నన్నేం అనబాక."

"అవి కూడా..." అని ఎడ్విన్ నోరు తెరిచాడు. నరసయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మాట మాటే. తోలుకుపో," అన్నాడు మాల్యాద్రితో.

నీలం వీపుల గొర్రెలు లారీ ఎక్కాయి. ఎక్కేటప్పుడు అవి అరుస్తుంటే దొడ్లోవి జవాబిచ్చాయి. లారీ వాగు దాటి వెళ్లిపోయింది. ఎడ్విన్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. ఈయన నన్ను తిడితే బాగుండును, రెండు దెబ్బలేసినా బాగుండును అనుకుంటూ నిలబడ్డాడు.

"నా వల్లనే గదా నరసయ్యా," అన్నాడు చివరికి. "ఆ పోయినవన్నీ నా వల్లనే..."

"నోరు మూసుకొని ఇంకోదాన్ని పట్టన్నా," అన్నాడు నరసయ్య.

ఎడ్విన్ పట్టాడు. ఈసారి సుబ్బరత్నమ్మ గొర్రెను ఎలా పట్టాలో చూపించింది. నరసయ్య రెప్ప మలిచి, చూసి, "ఎర్రంగా ఉండాది," అన్నాడు. ఎడ్విన్ వంగి తనూ చూసి, "ఉండాది," అన్నాడు. వదిలేసి ఇంకోదాన్ని పట్టారు. ఆత్మకూరు బస్సు రోడ్డు మీద హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఇద్దరూ తల తిప్పలేదు. దొడ్లో మిగిలిన ప్రతి గొర్రె కంట్లోకీ నరసయ్య చూశాడు, చూసిన ప్రతిసారీ ఎర్రంగా ఉండాదని స్నేహితుడికి చెప్పాడు, ఎడ్విన్ ప్రతిసారీ వంగి చూసి అవునన్నాడు.